పిల్లల సైకియాట్రీ వార్డులో పీజీలకు పని నేర్పడం ఎలా?

ఎండీ సైకియాట్రీ పీజీలు పిల్లల వార్డుకి పోస్టింగ్‌కి వచ్చేసరికే పెద్దల వార్డులో బాగా నలిగి ఉంటారు. హిస్టరీ తీయడం, మెంటల్ స్టేటస్ రాయడం, మందు మొదలుపెట్టడం చేతికి అలవాటైపోయి ఉంటాయి. చిక్కంతా ఆ అలవాటుతోనే. ఎనిమిదేళ్ల పిల్లాడిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి "నీకేంటి ఇబ్బంది?" అని అడుగుతారు. వాడు గోడకేసి చూస్తాడు. కేస్ షీట్‌లో "సహకరించలేదు" అని పడుతుంది. మిగతా హిస్టరీ అంతా తల్లి చెప్పిందే. రౌండ్స్‌లో వింటే కేసు చక్కగానే ఉంటుంది, కానీ పిల్లాడి దగ్గర అసలేం జరిగిందో మీకు తెలియదు.

ఈ పోస్టింగ్ నడిపే కన్సల్టెంట్ మీరైతే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. పీజీ పని చేస్తుంటే మీరు కళ్లారా చూడకపోతే నేర్పినట్టు కాదు. ప్రెజెంటేషన్ విని దిద్దడం సగం పనే. పది పన్నెండు పడకలు, ఒక కన్సల్టెంట్, ఇద్దరు ముగ్గురు పీజీలు, ఒక సైకాలజిస్ట్, ఒక సోషల్ వర్కర్ ఉన్న టీచింగ్ ఆసుపత్రిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాం.

పోస్టింగ్ మొదలవకముందు

ఒక్కో పీజీకి నలుగురు పిల్లలకు మించి ఇవ్వకండి. పెద్దల వార్డులో పది మందిని చూసేవాళ్లకి ఇది తక్కువగా కనిపిస్తుంది. కానీ ఒక్కో పిల్లాడి వెనక తల్లి, తండ్రి, స్కూలు, చాలాసార్లు నాయనమ్మో అమ్మమ్మో ఉంటారు. నలుగురు పిల్లలంటే కనీసం పన్నెండు మందితో మాట్లాడాలి.

ఒక పేజీలో పట్టిక గీయండి. ఒకవైపు పనులు రాయండి: అడ్మిషన్ కాగితాలు, మొదటి ఇంటర్వ్యూ, ఆత్మహత్య ప్రమాదం అంచనా, తల్లిదండ్రులకు జబ్బు గురించి చెప్పడం, మందు మొదలుపెట్టడం, వార్డులో గొడవ సర్దడం, పిల్లాడిని కట్టేయాల్సి రావడం, డిశ్చార్జి. ఇంకోవైపు నాలుగు మెట్లు: పక్కన ఉండి చూడటం, మీ ఎదుట చేయడం, మీరు ఫోన్‌లో దొరికేలా ఉండగా చేయడం, చేశాక మీకు చెప్పడం. ఫైనల్ ఇయర్ పీజీ అయినా ఇక్కడ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి. కట్టేయడం, ఆత్మహత్యాయత్నం చేసిన పిల్లని ఇంటికి పంపడం అనే రెండు పనులు మాత్రం ఎంత సమర్థులైన పీజీకైనా నాలుగో మెట్టుకి వెళ్లకూడదు.

మొదటి రెండు రోజులు కేసులు ఇవ్వొద్దు

పీజీలకు ఇది నచ్చదు. వార్డులో పనిలేకుండా కూర్చోవడం సిగ్గుగా ఉంటుంది. అయినా కూర్చోబెట్టండి. భోజనం వేళ ఒక పిల్లాడిని ఎంచుకుని ఇరవై నిమిషాలు చూసి, చూసింది మాత్రమే రాయమనండి. రోగం పేరు గానీ, గుణాన్ని తేల్చే మాట గానీ ఒక్కటి కూడా ఉండకూడదు.

మొదటిసారి దాదాపు అందరూ ఇలా రాస్తారు: "హైపర్ యాక్టివ్. తల్లి మీద అగ్రెసివ్. అటెన్షన్ సీకింగ్." అది వెనక్కిచ్చి మళ్లీ రాయమంటే ఇలా మారుతుంది: "అన్నం వచ్చేదాకా మంచం మీదే ఉన్నాడు. అమ్మ ఫోన్ తీసింది. రెండుసార్లు కొంగు లాగాడు, ఆమె చూడలేదు. మూడోసారి కంచం తోశాడు. అమ్మ ఫోన్ పక్కన పెట్టి తిట్టింది. తింటూ కూర్చున్నాడు." ఈ రెండో దాంట్లో చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో ఉంది. మొదటి దాంట్లో ఉద్రేకం తగ్గించే యాంటీసైకోటిక్ మందు రిస్పెరిడోన్ రాయడానికి సాకు మాత్రమే ఉంది.

అదే రెండు రోజుల్లో ఇన్‌చార్జి సిస్టర్‌తో కలిసి వార్డంతా ఒకసారి తిప్పండి. చున్నీలు, పైజమా నాడాలు, చార్జర్ వైర్లు, కిటికీ ఊచలు, బాత్రూం గడియ బయట నుంచి తెరుచుకుంటుందో లేదో, ఫినాయిల్ డబ్బా ఎక్కడుందో, పండ్లు కోయడానికి అటెండెంట్ తెచ్చుకున్న చాకు, దోమల మందు రీఫిల్ అన్నీ చూపించండి. అందరూ మర్చిపోయేది నాయనమ్మ సంచిలోని షుగర్ మాత్రలు. గ్లిమెపిరైడ్ లాంటిది చిన్నపిల్లలు ఒక్కటి మింగినా షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మెడలో తాయెత్తు తాడు కనిపిస్తే పీజీ లాగి తీసేయకూడదు. చేతికి కట్టమని తల్లినే అడగాలి. ఆ ఒక్క మాటతో కుటుంబం మీ వైపుకి వస్తుంది, లేదా దూరమవుతుంది.

చట్టం క్లాసు పెట్టి చెప్పేకంటే, నిజమైన ఫారాలు ముందు పెట్టి నింపించండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ 18 ఏళ్ల లోపు వాళ్ల అడ్మిషన్ గురించే. ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఇద్దరూ సైకియాట్రిస్టులు కావచ్చు, లేదా ఒక సైకియాట్రిస్టు, ఒక మానసిక ఆరోగ్య నిపుణుడు లేక వైద్యుడు కావచ్చు. పరీక్ష చేరిన రోజునో, అంతకు ముందు ఏడు రోజుల్లోనో జరగాలి. చేర్చుకోకుండా బయటే చూసే దారులన్నీ విఫలమయ్యాయనో, పనికిరావనో ఇద్దరూ తేల్చాలి. మైనర్ కోరిక ఏమిటో తెలుసుకోగలిగితే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పెద్దల నుంచి వేరుగా ఉంచాలి. మైనర్ తరఫున వ్యవహరించే నామినేటెడ్ ప్రతినిధి, లేదా ఆయన పెట్టిన అటెండెంట్, ఉన్నన్నాళ్లూ పక్కనే ఉండాలి. ఆడపిల్ల అయి, ప్రతినిధి మగవారైతే ఆడ అటెండెంట్ తప్పనిసరి. మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి 72 గంటల్లో తెలపాలి. 30 రోజులకు చేరితే వెంటనే మళ్లీ తెలపాలి, అప్పుడు బోర్డు ఏడు రోజుల్లో సమీక్షిస్తుంది. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, రెండో పరీక్షను మొదటిదానికి నకలుగా రాసేయడం. "విడివిడిగా" అనే మాటకు అర్థమే పోతుంది. రెండో డాక్టర్ మొదటి నోటు చదవకముందే తనది రాయాలని నియమం పెట్టండి.

ఇంటర్వ్యూ నేర్పడం

పోస్టింగ్ మొత్తంలో మీ సమయం ఎక్కువ పోవాల్సింది ఇక్కడే.

పదేళ్ల లోపు పిల్లలైతే ముందు తల్లిదండ్రులతో మాట్లాడి, తర్వాత పిల్లాడితో నేల మీద కూర్చోవాలి. కాగితం, రంగు పెన్సిళ్లు, నాలుగు బొమ్మలు చాలు. మొదటి పది నిమిషాలు జబ్బు ఊసే వద్దు. టీనేజీ వాళ్లయితే వరస తిరగేయండి. ముందు వాళ్లతో ఒంటరిగా, తర్వాత అమ్మానాన్నలతో. అమ్మానాన్నలతో అరగంట మాట్లాడొచ్చిన డాక్టర్ని పదిహేనేళ్ల పిల్ల ఎప్పటికీ వాళ్ల మనిషిగానే చూస్తుంది.

మొదటి మాటల్లోనే గోప్యత గురించి చెప్పాలి. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని పీజీలు తేలిగ్గా మాటిచ్చేస్తారు. ఇది పెద్ద ప్రమాదం. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి తెలపాలి. తెలపకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. పిల్ల ఇష్టపూర్వకంగా ఉన్నానని చెప్పినా 18 లోపు అయితే చట్టం దాన్ని నేరంగానే చూస్తుంది. ఇచ్చిన మాట రెండు రోజుల్లో తప్పాల్సి వస్తే ఆ పిల్ల మళ్లీ ఏ డాక్టర్‌తోనూ నోరు విప్పదు. పీజీ చేత ఈ మాట బట్టీ పట్టించినా తప్పులేదు: "నువ్వు చెప్పేవి చాలావరకు మన మధ్యే ఉంటాయి. నీ ప్రాణానికో, ఇంకొకళ్లకో ముప్పు ఉందనిపిస్తే, ఎవరైనా నిన్ను బాధపెట్టారని తెలిస్తే, నేను కొంతమందికి చెప్పాల్సి ఉంటుంది. చెప్పే ముందు నీకు చెప్తా."

ఆ తర్వాత ఇల్లు, చదువు, స్నేహితులు, ఫోన్, అలవాట్లు, ప్రేమలు, బాధ, చనిపోవాలనే ఆలోచన. ఇదే వరసలో తేలికైన వాటి నుంచి బరువైన వాటికి వెళ్లాలి. చివరి ప్రశ్న దగ్గరకొచ్చేసరికి పీజీల గొంతు మారుతుంది. "అలాంటి ఆలోచనలేం లేవు కదా?" అంటారు. జవాబు ప్రశ్నలోనే ఉంది, పిల్ల "లేవు" అనేస్తుంది. బదులుగా "ఇంత బాధలో ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. నీకూ అనిపించిందా?" అని అడగడం నేర్పండి. అవునంటే ఎలా, ఎప్పుడు, చేతికి దొరికేలా ఏముంది, ఏం ఆపింది అని ఒక్కొక్కటీ అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడే పీజీలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని మొదటి వారమే చెప్పేయండి.

వారానికి ఒక్క ఇంటర్వ్యూ అయినా మీరు గదిలో మూల కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడాలి. మధ్యలో కల్పించుకోకండి. అలా కల్పించుకుంటే పిల్ల మీ వైపు తిరుగుతుంది, పీజీ పని అక్కడితో అయిపోతుంది. అయ్యాక పది నిమిషాలు చాలు. ముందు పీజీనే అడగండి, ఎక్కడ చెయ్యి జారిందని. తర్వాత మీరు ఒక్క విషయమే దిద్దండి, అదీ అన్న మాటను అన్నట్టే చెప్పి: "వాళ్ల నాన్న గురించి మొదలుపెట్టగానే మీరు పెన్ను తీసి రాసుకున్నారు, ఆ పిల్ల ఆగిపోయింది." ఇంత కచ్చితంగా చెబితేనే మారతారు. "ఎంపతీ ఇంకాస్త పెరగాలి" అంటే ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

వార్డులోనే ఉండే అమ్మానాన్నలు

చాలా దేశాల్లో పిల్లల సైకియాట్రీ వార్డులో తల్లిదండ్రులు కేవలం చూడటానికి వచ్చిపోయేవాళ్లు. మన దగ్గర తల్లి పక్క మంచం మీదే పడుకుంటుంది. ఇది శిక్షణకి దొరికిన వరం, కానీ పీజీలు దాన్ని తలనొప్పిగా చూస్తారు. ప్రవర్తన మార్చే పద్ధతులు క్లినిక్‌లో చెప్పి పంపడం కాదు, అన్నం వేళ, నిద్ర వేళ తల్లితో కలిసి చేసి చూపించొచ్చు. పైన రాసిన కంచం సంగతే తీసుకోండి. కొంగు మొదటిసారి లాగినప్పుడే పలకమని తల్లికి చెప్పి, మర్నాడు పీజీ పక్కన కూర్చుని గమనించాలి. సాయంత్రం సిస్టర్‌తో కలిసి లెక్క రాయాలి.

రెండు చోట్ల పని చెడుతుంది. ఒకటి, పీజీ తల్లిని తప్పుపట్టడం. ఇరవై రోజులుగా సరిగ్గా నిద్రలేని మనిషికి "మీ పెంపకం వల్లే" అన్నట్టు వినిపించే ఏ మాటా దిగదు. రెండు, తండ్రిని వదిలేయడం. ఆదివారం వచ్చి సాయంత్రం వెళ్లిపోయే తండ్రి కోసం పీజీ ఆదివారం అరగంట కేటాయించాల్సిందే. ఇంటికెళ్లాక మందు ఆపించేది చాలాసార్లు ఆయనే.

మూర్ఛలాంటి డిసోసియేటివ్ ఫిట్స్‌తో వచ్చే ఇంటర్ పిల్లలు మన వార్డుల్లో ఎక్కువే. "నటిస్తోంది" అనే మాటని వార్డులో నిషేధించండి. పీజీ, సిస్టర్, ఆయా ఎవరి నోటా రాకూడదు. జబ్బు పేరు తల్లిదండ్రులకు చెప్పే పని ముందు మీరు చేయండి, రెండోసారి పీజీ మీ ఎదుట చేయాలి. ఫిట్స్ నిజమే, మెదడులో కరెంటు తేడా వల్ల కాదు, మనసు మోయలేని బరువు ఒంట్లో బయటపడుతోంది, ఇది తగ్గుతుంది. ఈ నాలుగు మాటలూ ఇదే వరసలో రావాలి. "టెస్టులన్నీ నార్మల్, ఏమీ లేదు" అంటే మర్నాడే వేరే ఆసుపత్రికి వెళ్తారు.

ఒంటి జబ్బు దాటిపోకుండా

సైకియాట్రీలో మూడేళ్లు గడిపేసరికి స్టెతస్కోప్ మీద దుమ్ము పడుతుంది. ప్రతి కొత్త కేసులో ఎత్తు, బరువు, బీపీ పీజీ స్వయంగా తీసి, ఎత్తు బరువులను ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ గ్రోత్ చార్టులో గుర్తు పెట్టాలి. మూడు సందర్భాలు కంఠతా రావాలి. మాటలు రాని ఆటిజం పిల్లాడు ఉన్నట్టుండి తల బాదుకుంటుంటే చెవి, పన్ను, మలబద్ధకం చూశాకే మందు మాట. కొద్ది రోజుల్లోనే ప్రవర్తన మారి, ఫిట్స్, మూతి వింత కదలికలు, మాట తగ్గడం, నాడి బీపీ ఎగుడుదిగుడులు కనిపిస్తే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడు వాపు అనుమానించి న్యూరాలజీని పిలవాలి. యాంటీసైకోటిక్‌తో ఇలాంటివాళ్లు ఇంకా దిగజారొచ్చు. మూడోది మనకి మరీ దగ్గరిది. చదువులో వెనకబడి, చేతిరాత చెడి, మాట ముద్దగా, చేయి వణుకుతూ వచ్చిన పిల్లాడి అమ్మానాన్నలది మేనరికమైతే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్స్ జబ్బు కాదని తేల్చుకోవాలి. ముందు కంటి డాక్టర్ చేత స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించి, రక్తంలో సెరులోప్లాస్మిన్‌కి పంపాలి.

మందుల్లో పెద్దల మోతాదు చేయి అలవాటుగా వచ్చేస్తుంది. ఆటిజంలో చిరాకుకి రిస్పెరిడోన్ 20 కిలోల లోపు పిల్లాడికి రోజుకి 0.25 మి.గ్రా., అంతకు పైబడితే 0.5 మి.గ్రా. తో మొదలవుతుంది. ఆర్డర్ రాసేటప్పుడు మోతాదు పక్కనే బరువు రాయకపోతే సిస్టర్ వెనక్కి పంపొచ్చని నియమం పెట్టండి. సిస్టర్లు మొహమాటపడతారు కాబట్టి మొదటిసారి మీ ఆర్డరే వెనక్కి పంపమని చెప్పండి. యాంటీసైకోటిక్ వేస్తున్నవాళ్ల బరువు వారానికోసారి చూడాలి. డిప్రెషన్ మందు ఫ్లూక్సెటిన్ 10 మి.గ్రా. తో మొదలుపెట్టిన తొలి వారాల్లో నిద్ర తగ్గడం, కాలు నిలవకపోవడం, చిరాకు పెరగడం కనిపెట్టాలి. పిల్లల్లో, టీనేజర్లలో యాంటీడిప్రెసెంట్లతో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పెట్టిన హెచ్చరిక ఇందుకే. దాన్ని చూసి అవసరమైన మందు ఆపేయడమూ తప్పే.

రాత్రి డ్యూటీలో గొడవ

దీన్ని మాటల్లో చెబితే సరిపోదు. మధ్యాహ్నం పూట ఒక సీనియర్ పీజీని పిల్లాడి పాత్రలో పెట్టి, సిస్టర్లు, వార్డుబాయ్‌లతో సహా నిజంగా చేయించండి.

మొదట ఒక్కళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వెనక్కి. తలుపు దారి పిల్లాడికి మూసేయకూడదు, మీ వెనకా ఖాళీ ఉండాలి. మెడలో ఐడీ కార్డు తాడు, స్టెతస్కోప్ తీసేయాలి. మిగతా పిల్లల్ని ఆయా బయటికి తీసుకెళ్లాలి. గొంతు తగ్గించి, చిన్న వాక్యాలతో రెండు దారులు చూపాలి: "ఇక్కడ కూర్చుంటావా, వరండాలోకి వెళ్దామా?" అది పనిచేయకపోతే నోటి మందు. లోరాజెపామ్ కిలోకి 0.05 మి.గ్రా., ఒకసారికి 2 మి.గ్రా. దాటకుండా. ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లలో దీనితో గొడవ ఇంకా పెరగొచ్చు, కాబట్టి లోగడ ఏ మందు పనిచేసిందో తల్లిని అడిగి ముందే కేస్ షీట్ మొదటి పేజీలో రాసి ఉంచాలి. ఇంజెక్షన్ తప్పకపోతే ఒలాంజపైన్, లోరాజెపామ్ ఇంజెక్షన్లు రెండూ కలిపి ఇవ్వకూడదు, ఊపిరి మందగిస్తుంది. హాలోపెరిడాల్ ఇస్తే టీనేజీ అబ్బాయిల్లో మెడ, కళ్లు పట్టేసే డిస్టోనియా ఎక్కువ. దానికి విరుగుడుగా ప్రోమెథజైన్ చేతికందేలా ఉండాలి. ఇంజెక్షన్ తర్వాత మొదటి గంట ప్రతి 15 నిమిషాలకు నాడి, శ్వాస, బీపీ చూడాలి.

కట్టేయడం గురించి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ సూటిగా ఉంది. తక్షణ హాని ఆపడానికి ఇంకో దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే, అవసరమైనంత సేపే. శిక్షగా గానీ, సిబ్బంది చాలక గానీ కట్టకూడదు. గదిలో ఒంటరిగా బంధించడం అసలే కుదరదు. కారణం, పద్ధతి, ఎంతసేపో కేస్ షీట్‌లో ఉండాలి, ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి. మర్నాడు పొద్దున్నే ఆ పిల్లాడితో కూర్చుని "నిన్న ముందుగా ఏమైంది, మేం ఏం చేసుంటే ఆగేవాడివి?" అని అడిగే పని డ్యూటీ పీజీదే. ఇది వదిలేస్తే అదే గొడవ వారంలో మళ్లీ వస్తుంది.

హ్యాండోవర్, రౌండ్స్, సూపర్‌విజన్

డ్యూటీ మారేటప్పుడు "అంతా స్టేబుల్" అనేది హ్యాండోవర్ కాదు. ఎంత తీవ్రంగా ఉన్నారు, కేసు రెండు ముక్కల్లో, చేయాల్సిన పనులు, ఏం జరగొచ్చు జరిగితే ఏం చేయాలి, విన్నవాళ్లు తిరిగి చెప్పడం. ఐ-పాస్ అని పిలిచే ఈ ఐదు భాగాల పద్ధతిని అమెరికా, కెనడాల్లో పీడియాట్రిక్స్ రెసిడెంట్ల మీద తొమ్మిది ఆసుపత్రుల్లో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయి. పిల్లల వార్డులో నాలుగో భాగమే ప్రాణం: "సాయంత్రం నాన్న ఫోన్ చేస్తాడు, చేశాక ఏడుస్తుంది, బాత్రూంకి వెళ్తే సిస్టర్ వెంట వెళ్లాలి."

రౌండ్స్‌లో పిల్లాడి మంచం పక్కన నిలబడి పది మంది అతని గురించి మాట్లాడకండి. కేసు గదిలో, పలకరింపు మంచం దగ్గర. నోట్సు చూసేటప్పుడు సిస్టర్ రాసింది ముందు చదివించండి. రాత్రి సంగతులు అక్కడే ఉంటాయి.

వారానికి ఒక గంట ఒక్కో పీజీతో విడిగా కూర్చోండి, ఓపీ ఎంత ఉన్నా సరే. మందుల లెక్క కాకుండా ఏ పిల్లాడి దగ్గరకి వెళ్లాలంటే విసుగొస్తోంది, ఎవరి కోసం డ్యూటీ అయిపోయినా ఆగిపోతున్నారు అని అడగండి. పిల్లల వార్డులో పీజీలు తెలియకుండానే ఒక పక్షం తీసేసుకుంటారు, తల్లిదండ్రుల మీద కోపం పెంచుకుని పిల్లని తామే కాపాడాలనుకుంటారు. సొంత నంబర్ ఇవ్వడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫ్రెండ్ రిక్వెస్ట్ ఒప్పుకోవడం, ఒక్కరికే చాక్లెట్లు తేవడం దాని గుర్తులు. తిట్టకుండా మాట్లాడితే ఆగుతారు. వార్డులో ఆత్మహత్యాయత్నం జరిగితే ఆ డ్యూటీ పీజీతో అదే రోజు మాట్లాడాలి. ఎవరిది తప్పు అనే విచారణ, ఈ మాటలు ఒకే గదిలో కలపకండి.

డిశ్చార్జి

ఆత్మహత్య ప్రమాదం ఆసుపత్రి నుంచి వెళ్లిన తొలి వారాల్లోనే ఎక్కువ. కాబట్టి డిశ్చార్జి మీటింగ్ పీజీ నడపాలి, మీరు పక్కన ఉండాలి. పిల్ల తన చేతిరాతతో ఒక కాగితం రాయాలి: ముప్పు ముంచుకొస్తోందని చెప్పే గుర్తులు, ఒంటరిగా చేయగలిగేవి, మనసు మళ్లించే మనుషులు చోట్లు, సాయం అడగదగ్గవాళ్లు, డాక్టరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్లు, ఇంట్లో ఏం దాచేయాలి. ఆఖరిది తల్లిదండ్రులతో తేల్చాలి. పల్లెటూరి కుటుంబమైతే పురుగుమందు డబ్బా ఎక్కడ ఉంటుందని పీజీ సూటిగా అడగాలి. "జాగ్రత్తగా పెట్టాం" అన్న జవాబుతో ఊరుకోకుండా ఏ గదిలో, తాళం ఎవరి దగ్గర అని అడగాలి. వీలైతే అసలు ఇంట్లోనే లేకుండా చూడమనాలి. ఫాలోఅప్ ఏడు రోజుల లోపు, తేదీ రాసి ఇవ్వాలి. రాకపోతే ఫోన్ ఎవరు చేస్తారో పేరు కేస్ షీట్‌లో ఉండాలి. స్కూలుకి ఇచ్చే ఉత్తరంలో జబ్బు పేరు పిల్లనీ, అమ్మానాన్నల్నీ అడగకుండా రాయకండి. హాజరు, పరీక్షలు, ఎవరిని కలవాలి అన్నవి చాలు.

లాగ్‌బుక్ సంతకం దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. మీరు స్వయంగా చూసిన పనికే సంతకం పెట్టండి. పోస్టింగ్ ఆఖరి వారం వరకూ పేజీలు ఖాళీగా ఉన్నాయంటే పీజీ చేయలేదనుకునే ముందు, మీరు ఎన్నిసార్లు ఆ గదిలో కూర్చున్నారో చూసుకుని, మిగిలిన రోజుల్లో రోజుకొకటి చొప్పున టైం రాసి పెట్టండి.